ఆటగాడి దారి: బడి గడప నుంచి పెద్ద మైదానం దాకా

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో మాకు ఇచ్చే అంశం ఒకటే: తాలీమ్, అనగా విద్య. ప్రతి ఏటా మేము అదే మాట చెబుతాము, మీరు అదే ఓపికతో వింటారు. ఈసారి ఆట గురించి మాట్లాడతామని కార్యదర్శి గారిని అడిగాము. ఆయన ఒక్క క్షణం మా మొహంలోకి చూసి, "మీరేనా సార్ ఈ మాట అంటున్నది?" అన్నారు. ఆయన ఆశ్చర్యానికి కారణం ఉంది. అది కాసేపట్లో మేమే చెప్పుకుంటాము.

రంజాన్ తర్వాత ఒక రోజు ఒక తండ్రి మా ఇంటికి వచ్చాడు. ఓపెన్ కాస్టులో కాంట్రాక్టు పని. మొదటి షిఫ్టు దిగి, ఒంటి మీద దుమ్ము కూడా దులుపుకోకుండా నేరుగా వచ్చాడు. చాయ్ ఇస్తే పట్టుకుని కూర్చున్నాడు గాని తాగలేదు. "సార్, మా పోరడు సదువు ఇడిసిపెడతా అంటుండు. పొద్దంతా గ్రౌండులనే ఉంటుండు, బౌలింగు చేసుడే పని. సిరాజ్ గూడా సదువుల ఎనకబడ్డోడే గదా, ఆటోవాలా కొడుకే గదా, మరి ఆయన కాలేదా అంటుండు. నాకు జవాబు రాలేదు సార్. మీరే చెప్పాలె" అన్నాడు.

మాకు కూడా వెంటనే జవాబు రాలేదు. ఆ తండ్రికి ఆ రోజు పూర్తిగా చెప్పలేకపోయిన జవాబే ఈ ప్రసంగం.

ముందుగా పిల్లవాడు ఎవరి పేరు చెబుతున్నాడో ఆయన సంగతి సరిగ్గా తెలుసుకుందాము. మన పిల్లలకు తెలిసింది సగం కథే. ఆటో, ఆ తర్వాత కోట్లు. నడుమ ఉన్న సంవత్సరాలు వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మహమ్మద్ సిరాజ్ 1994 మార్చి 13న హైదరాబాదులో పుట్టాడు. తండ్రి మహమ్మద్ గౌస్ గారు ఆటో నడిపేవారు. తల్లి షబానా బేగం గారు. అన్న ఇంజినీరింగు చదువుకున్నాడు. నాంపల్లిలోని సఫా జూనియర్ కాలేజీలో సిరాజ్ చదివాడు. పెద్ద కొడుకు పుస్తకాలు పట్టుకుంటే చిన్నవాడు బంతి పట్టుకుని తిరుగుతున్నాడని తల్లి కోప్పడేదట. ఈ మాట ఆయనే చెప్పుకున్నాడు. ఆ తల్లిది తప్పు అని ఇక్కడ కూర్చున్న ఏ తల్లీ అనదు.

గల్లీలో టెన్నిస్ బంతితో ఆడాడు. తోలు బంతి ఆలస్యంగా చేతికి వచ్చింది. చార్మినార్ క్రికెట్ క్లబ్బులో చేరాడు. మేనమామ కెప్టెనుగా ఉన్న ఒక 25 ఓవర్ల మ్యాచిలో 20 పరుగులిచ్చి 9 వికెట్లు తీస్తే, ఆ మామ సంతోషం పట్టలేక 500 రూపాయలు చేతిలో పెట్టాడు. ఆట మీద ఆయన మొదటి సంపాదన అదే.

2015 నవంబరులో హైదరాబాదు తరఫున రంజీ ట్రోఫీలో అడుగుపెట్టాడు. మరుసటి సీజను, అంటే 2016–17లో, 41 వికెట్లు తీశాడు. పిల్లలూ, ఈ అంకె గుర్తుపెట్టుకోండి. వేలం పాట దాని తర్వాతే వచ్చింది. 2017 ఫిబ్రవరిలో జరిగిన ఐపీఎల్ వేలంలో 20 లక్షల కనీస ధర ఉన్న ఆ కుర్రవాడిని సన్‌రైజర్స్ హైదరాబాద్ 2 కోట్ల 60 లక్షలకు తీసుకుంది. అదే ఏడు నవంబరులో రాజ్‌కోటలో న్యూజిలాండ్ మీద భారత జట్టు టోపీ పెట్టుకున్నాడు.

కథ ఇక్కడితో అయిపోయిందని మన పిల్లలు అనుకుంటారు. అసలు కథ ఇక్కడే మొదలైంది. 2019 ఐపీఎల్‌లో బౌలింగు బాగా దెబ్బతింది. ఒక మ్యాచిలో మూడు ఓవర్లు కూడా పూర్తి కాకుండానే 36 పరుగులు ఇచ్చాడు. "పోయి మీ నాన్నతో ఆటో నడుపుకో" అని జనం వెక్కిరించారు. రెండు సంవత్సరాల కింద నెత్తిన పెట్టుకున్నదీ జనమే. 2020 అక్టోబరులో, అదే కోల్‌కతా జట్టు మీద, అబుధాబిలో ఆయన నాలుగు ఓవర్లు వేసి 8 పరుగులకు 3 వికెట్లు తీశాడు. అందులో రెండు ఓవర్లలో ఒక్క పరుగు కూడా రాలేదు. వెక్కిరించిన వాళ్లకు నోటితో జవాబు చెప్పలేదు.

తర్వాతి నెల ఆస్ట్రేలియా వెళ్లాడు. కరోనా నిబంధనల వలన జట్టంతా క్వారంటైనులో ఉండగా, 2020 నవంబరు 20న తండ్రి గౌస్ గారు ఇంతెఖాల్ అయ్యారు. ఇంటికి పంపుతామని బోర్డు చెప్పింది. ఆయన ఉండిపోయాడు. కొడుకు దేశం పేరు నిలబెట్టాలన్నది తండ్రి కోరిక. జనాజాకు భుజం ఇవ్వలేని బాధ ఏమిటో గల్ఫులో కొడుకులున్న ఇళ్లవాళ్లకు మేము చెప్పనక్కరలేదు. డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో మొదటి టెస్టు ఆడాడు. జనవరిలో సిడ్నీలో ప్రేక్షకులలో కొందరు జాతి పేరుతో దూషిస్తే, తిట్టుకు తిట్టు అప్పగించకుండా కెప్టెనుకు, అంపైర్లకు చెప్పాడు. ఆట ఆగింది, కొందరిని స్టేడియం నుంచి బయటకు పంపారు. తర్వాత బ్రిస్బేన్‌లో 73 పరుగులకు 5 వికెట్లు. సిరీస్ మనది. తిరిగివచ్చిన రోజు విమానాశ్రయం నుంచి తిన్నగా తండ్రి సమాధి దగ్గరకు వెళ్లి ఫాతెహా చదివాడు.

2023 సెప్టెంబరు 17న కొలంబోలో ఆసియా కప్పు ఫైనల్. శ్రీలంక జట్టు మొత్తం 50 పరుగులకే కూలింది. సిరాజ్ 21 పరుగులకు 6 వికెట్లు. ఒకే ఓవరులో నాలుగు. ఆ రోజు వచ్చిన బహుమతి సొమ్మును మైదానం సిబ్బందికి ఇచ్చేశాడు. వానలో పరదాలు మోసిన కూలీల కష్టం ఆటోవాలా కొడుకుకు కనిపించింది.

ఇక 2025 ఆగస్టు, లండన్‌లోని ఓవల్ మైదానం. హ్యారీ బ్రూక్ 19 పరుగుల మీద ఉన్నప్పుడు సిరాజ్ క్యాచి పట్టి, వెనక్కు అడుగు వేసి, బౌండరీ తాడు తొక్కాడు. ఆ బ్రూక్ 111 కొట్టాడు. మ్యాచి పోయిందనే అందరూ అనుకున్నారు. మర్నాడు, ఆగస్టు 4న, చివరి వికెట్టు సిరాజే పడగొట్టాడు. భారత్ 6 పరుగులతో గెలిచింది. ఆ సిరీస్‌లో అయిదు టెస్టులూ ఆడి 23 వికెట్లు తీశాడు. తప్పు చేసిన రాత్రి ఎలా నిద్రపోవాలి, మర్నాడు పొద్దున ఎలా లేవాలి అన్నది ఏ పాఠ్యపుస్తకంలోనూ మేము చెప్పలేకపోయిన పాఠం.

ఇంత చెప్పిన తర్వాత, "అయితే సార్, బడి అక్కర లేదన్నమాట" అని ముందు వరుసలో ఎవరో అనుకుంటూనే ఉండవచ్చు. ఆగండి. లెక్క చూద్దాము. మేము లెక్కల మాస్టరు కాకపోయినా ఈ లెక్క చేయగలము.

ఐపీఎల్‌లో పది జట్లు. ఒక్కో జట్టులో ఎక్కువలో ఎక్కువ 25 మంది. మొత్తం 250. అందులో జట్టుకు ఎనిమిది మంది దాకా విదేశీయులు ఉండవచ్చు. వాళ్లను తీసేస్తే 170 మంది. నూట నలభై కోట్ల దేశంలో 170 కుర్చీలు! రంజీలో మన తెలంగాణ మొత్తానికి హైదరాబాదు జట్టు ఒక్కటే. 2011 జనాభా లెక్కల ప్రకారం మనం మూడున్నర కోట్లు. మైదానంలో దిగేది పదకొండు మంది.

ఇతర దేశాల సంగతి కూడా ఇంతే. అమెరికాలో బాస్కెట్‌బాల్‌కు ఇంతకంటే పెద్ద సొమ్ము. అక్కడి ఎన్‌బీఏలో ముప్పై జట్లు, జట్టుకు 15 మంది చొప్పున 450 మంది. 2003లో లెబ్రాన్ జేమ్స్ అనే కుర్రవాడు హైస్కూలు నుంచి తిన్నగా ఆ జట్లలోకి వెళ్లాడు. ఆయనను చూసి ఎంతమంది పిల్లలు చదువు మానుకోవాలనుకుంటారో అక్కడి పెద్దలకూ తెలుసు. 2006 నుంచి అక్కడ నియమం మార్చారు. పందొమ్మిదేళ్లు నిండాలి, హైస్కూలు అయిపోయి ఒక ఏడాది గడవాలి.

మన దేశం నుంచి ఎన్‌బీఏ ఎంపికలో పేరు వచ్చిన మొదటివాడు సత్నామ్ సింగ్. పంజాబులోని బల్లో కే అనే పల్లె. ఏడడుగుల పైన ఎత్తు. లుధియానా అకాడమీలో నేర్చుకుని, పద్నాలుగేళ్ల వయసులో 2010లో అమెరికాలోని ఫ్లోరిడాకు వెళ్లి అక్కడే బడి చదువు, ఆట రెండూ చేశాడు. భాష రాదు, తిండి పడదు, ఇల్లు ఏడు సముద్రాల అవతల. 2015లో డల్లాస్ మావెరిక్స్ జట్టు 52వ ఎంపికగా ఆయన పేరు పిలిచింది. దేశమంతా సంతోషించింది. అయితే ఎన్‌బీఏ లీగులో ఒక్క మ్యాచి కూడా ఆడే అవకాశం ఆయనకు రాలేదు. కింది లీగులో ఆడి, చివరకు కుస్తీ ప్రదర్శనల వైపు వెళ్లాడు. ఎంపిక కావడం వేరు, ఆడటం వేరు, నిలబడటం వేరు. మూడు గడపలు. మన పిల్లలకు మొదటి గడప ఒక్కటే కనిపిస్తుంది.

ఇంకొక సంగతి. 2024లో తెలంగాణ ప్రభుత్వం సిరాజ్‌కు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. ఇంటర్ వరకే చదివినందువల్ల ఆయన కోసం విద్యార్హత నిబంధనను సడలించవలసి వచ్చింది. దేశానికి ప్రపంచ కప్పు తెచ్చిన జట్టులో ఉన్నవాడు కాబట్టి సడలించారు, మంచిదే. జిల్లా జట్టుకు ఆడి ఆగిపోయిన మన పిల్లవాడి కోసం ఎవరు సడలిస్తారు? రైల్వేలో గాని, పోలీసులో గాని క్రీడా కోటా దరఖాస్తు తీసి చూడండి. ఆట సర్టిఫికెట్టు పక్కనే చదువు సర్టిఫికెట్టు కూడా అడుగుతారు. టెన్త్ లేనివాడి వికెట్లను ఆ ఆఫీసు గుమాస్తా లెక్కపెట్టడు.

అదే సమయంలో అదే ఉద్యోగం పొందిన మన ఆడబిడ్డ నిఖత్ జరీన్‌ను కూడా చూడండి. ఊరు నిజామాబాదు. 1996లో పుట్టింది. తండ్రి జమీల్ అహ్మద్ గారే మైదానానికి వెంట తీసుకుపోయేవారు. ఆడపిల్లకు బాక్సింగు ఏమిటి, ముక్కు పగిలితే పెళ్లెవరు చేసుకుంటారు అన్నవాళ్లు ఉన్నారు. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2017లో భుజానికి దెబ్బ తగిలి రింగుకు దూరమైంది. మళ్లీ లేచి 2022 మే 19న ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్. ఆటతో పాటు హైదరాబాదులో కాలేజీ చదువు చదివింది, బ్యాంకులో ఉద్యోగం కూడా పొందింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకం రాలేదు. ఓడిన రోజున కూడా ఆమె కాళ్ల కింద నేల ఉంది. మేము చెప్పదలచిన మాట ఇదే.

ఇక కార్యదర్శి గారి ఆశ్చర్యానికి కారణం చెప్పుకుంటాము.

కొన్ని సంవత్సరాల కింద మేము పనిచేసిన ఒక బడిలో పదో తరగతి కుర్రవాడు ఒకడు ఉండేవాడు. ఎడమచేతి బౌలరు. జిల్లా ఎంపిక రోజునే ప్రీ-ఫైనల్ పరీక్ష పడింది. వెళ్లనివ్వండి సార్ అని గుమ్మం దగ్గర నిలబడి అడిగాడు. "బంతి అన్నం పెడుతుందా?" అన్నాము. తరగతిలో అందరూ నవ్వారు. వాడు కూర్చుని పరీక్ష రాశాడు. మూడు గంటలూ కిటికీ వైపే చూశాడు. టెన్త్ పాసయ్యాడు గాని ఆ తర్వాత చదవలేదు, ఆడలేదు. ఇప్పుడు బండి మీద సరుకులు చేరవేస్తాడు. కనిపిస్తే దిగి సలాం చేస్తాడు. మా మీద ఒక్క మాట అనడు. అదే మాకు ఎక్కువ బాధ.

ఆ బాధతో రెండో తప్పు చేశాము. తర్వాత వచ్చిన ఇంకొక ఆటగాడిని ఎక్కడికి పోతే అక్కడికి పోనిచ్చాము. హాజరు అడగలేదు, హోంవర్కు అడగలేదు. వాడు రెండు సబ్జెక్టులు తప్పాడు. అదే ఏడు మోకాలు దెబ్బతిన్నది. వైద్యానికి డబ్బు లేదు, తిరిగి రాయడానికి మనసు లేదు. మొదటివాడికి తలుపు మూశాము. రెండోవాడికి తలుపులతో పాటు ఇంటి గోడలు కూడా తీసేశాము. రెండూ మా తప్పులే. మాస్టరు చేసిన తప్పు పరీక్ష పేపరు మీద పడదు, పిల్లవాడి బతుకు మీద పడుతుంది.

ఒకప్పుడు మన బొగ్గు బాయి ఇళ్లలో ఈ ప్రశ్న ఇంత బరువుగా ఉండేది కాదు. తండ్రి దిగిన బాయిలోనే కొడుకు దిగుతాడు, ఈలోగా కాస్త ఆడుకోనీ అనుకునేవాళ్లు. 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్ష మందికి పైగా కార్మికులు. ఇప్పుడు నలభై వేల దగ్గరకు వచ్చింది. సైరన్ అదే మోగుతుంది గాని మస్టరులో పేర్లు తగ్గాయి. రామగిరి గుట్ట చుట్టూ బాయిలున్నా, మన పిల్లలకు ఆ దారి ఇరుకైంది. అందుకే వాళ్ల కళ్లు టీవీలోని వేలం పాట మీద పడ్డాయి. పిల్లలను తిట్టి లాభం లేదు. వాళ్లు దారి వెతుకుతున్నారు.

మా వృత్తిలోనే ఒక పెద్దమనిషి ఈ రెండింటినీ కలిపి చూపారు. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. 1909లో పుట్టారు, ఉస్మానియాలో చదివారు, హైదరాబాదు బడులలో ఉపాధ్యాయులుగా పనిచేశారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన తయారుచేసిన భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో ఒంట్లో క్యాన్సరుతోనే జట్టును నడిపారు. మరుసటి ఏడు కన్నుమూశారు. ఆయన ఒక స్కూలు మాస్టరు. ఆట నేర్పినా మాస్టరుగానే నేర్పారు. ఆ కాలపు ఆటగాళ్లకు జట్టుతో పాటు పోలీసు కొలువు ఉండేది. ఇప్పటి వేలం పాటలో కొలువు లేదు, ఒప్పందం ఉంటుంది. అది ఏడాదికేడాది తెగిపోవచ్చు. కాబట్టి ఆనాటికంటే నేడే చదువు ఎక్కువ అవసరం.

ఇప్పుడు మన సొసైటీ సంగతి. గత సమావేశంలో ఈ విషయం మీద గట్టి వాదనే జరిగింది. జకాత్ సొమ్ము బూట్లకు, బంతులకు వాడరాదని పెద్దలు అన్నారు. వారి మాట శిరసావహిస్తాము. ఆ సొమ్ము పేదలది, దాని జోలికి మేము పోము. సభ్యుల చందా లోంచి వేరుగా ఒక చిన్న ఖాతా తెరవాలని మాత్రం మనవి చేస్తున్నాము. దానికి మూడు షరతులు. ఒకటి, సహాయం పొందే పిల్లవాడు గాని పిల్ల గాని బడి హాజరు చూపించాలి. రెండు, ఎంపిక రోజున పరీక్ష పడితే మేము, అంటే మాస్టర్లము, ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి వేరే రోజు పరీక్ష పెట్టించే ప్రయత్నం చేయాలి. మూడు, ఆటలో దెబ్బ తగిలితే వైద్యానికి కొంత సొమ్ము పక్కన ఉంచాలి. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలున్న తల్లిదండ్రులు ఒక మాట గుర్తుంచుకోండి. హకీంపేటలో, కరీంనగర్‌లో ప్రభుత్వ క్రీడా పాఠశాలలున్నాయి. నాలుగో తరగతిలోనే అక్కడ ప్రవేశ పరీక్షలు పెడతారు. పదిహేనేళ్లకు మేలుకుంటే ఆ గడప దాటిపోతుంది.

ఆ తండ్రి కథ ముగించి సెలవు తీసుకుంటాము. ఆ రోజు పిల్లవాడిని పిలిపించాము. "నువ్వు సిరాజ్ అవుతావో లేదో మాకు తెలియదు బేటా. అవకపోతే ఏమవుతావో కూడా తెలియాలి కదా" అన్నాము. వాడు తల వంచుకుని చాలాసేపు నిలబడి, "పొద్దున అయిదింటి నుంచి ఏడున్నర దాకా గ్రౌండుకు పోనిస్తరా సార్?" అని అడిగాడు. ఆ తర్వాత బడికి వస్తావా అన్నాము. వస్తానన్నాడు. ఫజర్ నమాజు అయినాక మసీదు మెట్ల మీద నుంచే మైదానానికి పరుగెత్తుతాడు. ఎనిమిదిన్నరకు చెమట చొక్కాతోనే చివరి బెంచీ మీద ఉంటాడు. అప్పుడప్పుడు కునుకు తీస్తాడు. మేము చూసీచూడనట్టు అయిదు నిమిషాలు ఊరుకుని, తర్వాత లేపుతాము.

ఈ సారి తలుపు మూయలేదు, గోడలు తీయలేదు. ఫలితం అల్లా చేతిలో ఉంది, మెహనత్ వాడి చేతిలో ఉంది. గడప దగ్గర నిలబడి రెండు పక్కలా చూసుకునే పని మనది. మీరంతా ఆ ఖాతాకు చేయెత్తి మద్దతు ఇస్తారని ఆశిస్తున్నాము.